డ్రైవర్ అని రాసిన మూత

మా తమ్ముడు పోయిన పదహారో రోజున ఆరోగ్య కేంద్రం నుంచి మా మరదలికి ఒక ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని విప్పకుండానే నా దగ్గరికి తెచ్చింది. మా ఇంట్లో కాగితం ఏదైనా నేనే చదవాలి. తమ్ముడు ఉన్నప్పుడూ అంతే. "మనం పదిసార్లు చదివినా చివరికి అక్క దగ్గరికే పోవాలి, అదేదో ముందే పోతే సరి" అనేవాడు.

ఉత్తరంలో ఆరు వాక్యాలున్నాయి. కేంద్రం వారి భోజనాల బండి కొంతకాలంగా రోజూ జాబితాలో లేని ఒక చోట ఆరు నుంచి తొమ్మిది నిమిషాలు ఆగినట్టు బండికి బిగించిన యంత్రం చూపిస్తోంది. పేద రోగుల కోసం వండిన భోజనాలు అక్కడ బయటివాళ్ళకు చేరుతున్నాయని అనుమానం. సంగతి తేలేదాకా డ్రైవరు విధిలో ఉండగా మరణించినట్టు రాయడానికి వీలుపడదు. కుటుంబ సభ్యులకు ఏమైనా తెలిస్తే వచ్చి చెప్పవచ్చు.

"అంటే ఏంటి వదినా? దొంగ అంటున్నారా?"

"అనుమానం అని రాశారు."

"అదే. దొంగ అని రాయడానికి మొహమాటపడ్డారు." ఆమె నా చేతిలోని కాగితాన్ని తీసుకుని, చదవలేకపోయినా, అటూ ఇటూ తిప్పి చూసింది. "పక్కింటి వాళ్ళ పెరట్లో రాలిన జామకాయ కూడా గోడ మీద పెట్టి వచ్చేవాడు ఈ మనిషి. ఈ మాట పిల్లల చెవిన పడితే నేనేం చెప్పుకోను?"

నేను వెళ్ళి మాట్లాడతానన్నాను. నేను అడిగితే కాగితాలు మారతాయని ఆమె నమ్మకం. అప్పటికి నాకూ ఆ నమ్మకం కొంత ఉంది.

తమ్ముడు ఆ బండి నడపబట్టి ఏడేళ్ళు. జబ్బుపడి వండుకోలేని వాళ్ళు, వండుకోవడానికి ఏమీ లేని వాళ్ళు, మొత్తం నలభై ఒక్క ఇళ్ళు. వారానికి ఐదు రోజులు ఒక్కో మనిషి పేరు అంటించిన అట్ట డబ్బాలో అన్నం, కూర, ఉడికించిన గుడ్డు ఇంటి గుమ్మం దగ్గర చేతికి ఇచ్చి సంతకం తీసుకోవాలి. కేంద్రంలో అతన్ని నిదానం అని పిలిచేవారు. మూడో అంతస్తు ముసలివాళ్ళు కిందికి దిగక్కర్లేదని తనే మెట్లెక్కేవాడు, ఎక్కినవాడు ఊరికే దిగేవాడు కాదు. "నిదానం గారొచ్చారు, కూర చల్లారి, పెరుగు పులిసే టైమయింది" అని ఎగతాళి చేసేవాళ్ళు. తనూ నవ్వేవాడు.

అతనికి చక్కెర జబ్బు ఉంది. బండి బయల్దేరే ముందు కేంద్రంలోని నర్సే సూది వేసేది. సూది పడ్డాక అరగంటలో తినాలి. అందుకే పనివాళ్ళకిచ్చే డబ్బాల్లో ఒకదాని మూత మీద డ్రైవర్ అని రాసి, కింద పసుప్పచ్చ గీత గీసి, ముందు సీట్లో పెట్టేవాళ్ళు.

ఆ సోమవారం బండి మూసి ఉన్న టైర్ల దుకాణం ముందు ఆగింది. రోడ్డుకు అడ్డంగా కాదు, ఒద్దికగా, పక్కకు తీసి. సైడు లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. తమ్ముడు స్టీరింగు మీదికి వాలిపోయి ఉన్నాడు. దారిన పోయేవాళ్ళెవరో ఫోటో తీసి, బండి వెనక రాసి ఉన్న నంబరుకు పంపారు. 'మీ డ్రైవరు పట్టపగలు తాగి పడుకున్నాడు. ప్రజల సొమ్ము' అని కింద రాశారు. ఆ నంబరు చూసే మనిషి అప్పుడు భోజనానికి వెళ్ళాడు. తిని వచ్చి చూసేసరికి గంటా పది నిమిషాలయింది.

చక్కెర బాగా పడిపోయిందని డాక్టరు చెప్పాడు. ఒక ముద్ద తిన్నా సరిపోయేదన్నాడు. బండి వెనక పంచాల్సిన డబ్బాలు పందొమ్మిది ఉన్నాయి. అవి ఇంకా వేడిగా ఉన్నాయట. ప్రతి డబ్బా మీదా ఎవరిదో ఒకరి పేరు ఉంది. ఒక్కటీ తెరిచి లేదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు వాడికి ఏడు. నా వాటా రొట్టె తిన్నాడని, ఒకరి పేరున్నది ముట్టుకోను అని పలక మీద ఇరవైసార్లు రాయించాను. అప్పటికే నేను టీచరునే. వాడు ఏడుస్తూ రాశాడు, పద్నాలుగోసారికి నిద్రపోయాడు. మర్నాడు మిగిలిన ఆరూ రాయించాను.

*

కేంద్రంలో సూపర్‌వైజరు నన్ను కూర్చోమన్నాడు. మర్యాదస్తుడే. టేబుల్ మీద బండి తిరిగే దారి గీసిన కాగితం పరిచి, పెన్సిలుతో ఒక చుక్క చూపించాడు.

"చూడండి టీచర్, ఆయన మీద మాకేం పగ లేదు. కానీ ఇదిగో, ఇక్కడ. పన్నెండో ఇంటికీ పదమూడో ఇంటికీ మధ్య. నలభై ఆరు పని రోజులు వరసగా ఆగింది. ఇక్కడ మనకు ఇల్లు లేదు."

"నలభై ఒక్క డబ్బాలకూ సంతకాలు ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. సంతకాలు ఎప్పుడూ ఉంటాయి." అతను కొంచెం నవ్వాడు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదండీ. ఆ ఇంటివాళ్ళెవరో ఆయనకు కావలసిన వాళ్ళయి ఉంటారు. మీకు తెలియని బంధుత్వం కూడా కావచ్చు. ఆయన మగవాడు, ఊరంతా తిరిగే ఉద్యోగం."

నేను ఆ చుక్కను నా పుస్తకంలో ఎక్కించుకున్నాను. వీధి పేరు రాసుకుంటుంటే చేయి ఆగింది. ఆ వీధి నాకు తెలుసు. ఇల్లు తెలియదు కానీ, ఆ చిరునామా రాసిన కాగితం ఒకసారి నా చేతి మీదుగా వెళ్ళింది.

మా మరదలు గేటు బయట నిలబడి ఉంది. ఏమన్నారని అడగలేదు. నా మొహం చూసి, వేరే మాట ఎత్తింది.

"రెండు నెలలుగా రోజూ రెండు అరటిపళ్ళు పెట్టమనేవాడు వదినా. ఎప్పుడూ లేనిది. కోతివైపోయావా అని నవ్వాను. ఆ సోమవారం కొట్టు తీయలేదు. రేపు నాలుగు పెడతాలే అన్నాను."

*

ఆ చిరునామాలో ఉన్న భవనంలో లిఫ్టు ఉంది కానీ దాని తలుపుకు తాడు కట్టేశారు. నాలుగో అంతస్తులో, నీళ్ళ పైపు పక్కన, ఒకే గది ఉన్న ఇల్లు. తలుపు తీసింది నా క్లాసు పిల్లే. ఆరో తరగతి, రెండో బెంచీ, గోడ వైపు. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది, బడిలో లాగే.

"ఎవరే?" లోపలి నుంచి ముసలి గొంతు.

"మా టీచర్, అమ్మమ్మా."

"అయ్యో! ఆ బట్టలు తియ్యి. కుర్చీ తుడువు. రండమ్మా, రండి. నేను లేవలేను, ఏమనుకోకండి."

ఆమె కిటికీ కింద మంచం మీద కాలు చాపుకుని ఉంది. పాదం నుంచి మోకాలి దాకా కట్టు. గదిలో మందు వాసన, ఉతికిన బట్టల వాసన. పిల్ల తల్లి వేరే ఊళ్ళో ఆసుపత్రి బట్టలుతికే చోట పని చేస్తుంది, నెలకొకసారి వస్తుంది. ఇదంతా ముసలామె మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పేసింది. చెప్పి, నా మొహంలోకి చూడటానికి కళ్ళు చికిలించింది.

"మీరు వచ్చింది మంచిదయింది. మీ తమ్ముడు రావడం మానేశాడేంటమ్మా? కోపమొచ్చిందా? నేనే ఆరోజు నోరు జారాను. గుడ్డు సరిగా ఉడకలేదన్నాను. ఊరికే పెట్టే తిండికి వంకలేంటని అనుకున్నాడేమో."

మా తమ్ముడని ఎలా తెలుసని అడిగాను.

"ఎలా తెలుసేంటి? ఆయనే చెప్పాడు. ముందు మా పేరు జాబితాలో ఉండేది కదమ్మా, నా కాలి వల్ల. తర్వాత కొట్టేశారు. ఎందుకు కొట్టేశారో కనుక్కుని వస్తానని వెళ్ళాడు. మర్నాడు వచ్చి, బడి నుంచి వచ్చిన కాగితంలో పిల్ల హాజరు తక్కువుందట అన్నాడు. ఎవరిచ్చారయ్యా ఆ కాగితం, వాళ్ళ చేతులు పడిపోనూ అన్నాను." ఆమె నాలుక కరుచుకుంది. "తప్పమ్మా. నాకు తెలియదు అప్పుడు. ఆయన ఒకటే నవ్వు. 'అది మా అక్క రాసింది పెద్దమ్మా. మా అక్క తప్పు రాయదు' అన్నాడు."

పిల్ల కుర్చీ వెనక నిలబడి కింద చూస్తోంది.

ఆ కాగితం నాకు బాగా గుర్తుంది. ఇంట్లో బడి ఈడు పిల్లలుంటే, వాళ్ళు నూటికి డెబ్బై ఐదు రోజులైనా బడికి వస్తేనే ఆ ఇంటికి భోజనం. అది కేంద్రం నియమం. ధ్రువపత్రం క్లాసు టీచరు ఇవ్వాలి. ఈ పిల్లకు అరవై ఒకటి వచ్చింది. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఎందుకు రావడం లేదని పిల్లను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "ఒంట్లో బాగోలేదు టీచర్" అంది. చూస్తే బాగానే ఉంది. అబద్ధం చెబుతోందని తెలుస్తూనే ఉంది. అరవై ఒకటి అని రాసి సంతకం పెట్టాను.

"నువ్వు బడి ఎందుకు మానేదానివి?" అని ఇప్పుడు నాలుగోసారి అడిగాను.

పిల్ల అమ్మమ్మ వైపు చూసింది.

"నా కాలి కట్టు కోసమమ్మా," అంది ముసలామె. "సోమ, బుధ, శుక్ర. పొద్దున్నే వెళ్ళాలి. ఒక్కదాన్నే మెట్లు దిగలేను, ఇది పట్టుకుంటుంది. బడి ఈడు పిల్లల్ని బడి మాన్పించి తోడు తెస్తే కట్టు కట్టేది లేదని అక్కడ బోర్డు పెట్టారు. అందుకని ఇది గేటు బయట నిలబడుతుంది, నేను ఒక్కదాన్నే వచ్చానని చెప్తాను. ఎక్కడా అనొద్దని నేనే చెప్పాను దీనికి. ఒక్కోసారి పదింటికల్లా అయిపోతుంది, అప్పుడు పరిగెత్తుకుని వస్తుంది బడికి. కానప్పుడు ఏం చేస్తుంది?"

"కట్టు ఎక్కడ కట్టించుకుంటారు?"

"అదేనమ్మా, ఆరోగ్య కేంద్రంలోనే."

కింద ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ వెళ్తున్నారు.

"మరి జాబితాలో పేరు పోయాక డబ్బా ఎలా వచ్చేది?"

"ఆయనే తెచ్చేవాడు. పైన వాళ్ళతో మాట్లాడి ఒకటి అదనంగా వేయించానన్నాడు. మీరు తిన్నారా నాయనా అంటే, నేను కేంద్రంలోనే కడుపు నిండా తినేసి బయల్దేరతాను పెద్దమ్మా, ఈ బండి ఖాళీ కడుపుతో కదలదు అనేవాడు. ఇద్దరికీ ఒక డబ్బా, మాకు అదే చాలు. మూతలు కూడా పారెయ్యలేదు. చూపించవే."

పిల్ల మంచం కింద నుంచి ఒక కట్ట తీసింది. నాడాతో కట్టిన అట్ట మూతలు. పైమూత మీద డ్రైవర్ అని నల్ల సిరాతో రాసి ఉంది. కింద పసుప్పచ్చ గీత. రెండోది తీశాను. డ్రైవర్. మూడోది. ముసలామెకు చదవడం రాదు. పిల్లకు వచ్చు.

మూతల లోపలివైపు తెల్లగా ఉంటుంది. అక్కడ పెన్సిలుతో రాసి ఉంది. భిన్నాల కూడిక. ఎండ వాలును బట్టి నీడ పొడవు. నేను ఆరో తరగతికి చెప్పిన పాఠాలు, నేను చెప్పిన వరసలో, నేనిచ్చిన ఉదాహరణలతో. నేను రెండు పుచ్చకాయల్ని ఐదుగురికి పంచాను, ఇక్కడా రెండు పుచ్చకాయలే. కొన్నిచోట్ల లెక్క తప్పింది. పిల్ల తప్పు కాదు అది, చెప్పినవాడి తప్పు.

సాయంత్రాలు తమ్ముడు బండి కేంద్రంలో పెట్టి మా ఇంటి మీదుగా వెళ్ళేవాడు. మంచినీళ్ళు తాగి, "ఇవాళ ఆరో తరగతికి ఏం చెప్పావక్కా?" అని అడిగేవాడు. ఎనిమిదితో చదువు ఆపేసినవాడు. నలభై దాటాక చదువు మీద గాలి మళ్ళిందా అని వెక్కిరించాను. "ఏమో, తెలుసుకుంటే తప్పా? అన్నం అడుగుతున్నానా?" అన్నాడు. నేను చెప్పేదాన్ని. శ్రద్ధగా వినేవాడు. ఒకసారి భిన్నాల దగ్గర మళ్ళీ చెప్పమన్నాడు, నాకు పని ఉంది రేపు రమ్మన్నాను.

"ఏమ్మా, ఆయనకు బండి మార్చారా?" అంది ముసలామె.

"అవునండీ," అన్నాను. "మార్చారు."

"ఈసారి కనిపిస్తే చెప్పండమ్మా, గుడ్డు సంగతి నేను ఊరికే అన్నానని."

చెప్తానన్నాను.

పిల్ల నాతో పాటు మెట్లు దిగింది. రెండో అంతస్తు దగ్గర ఆగింది.

"టీచర్, సార్ చనిపోయారని నాకు తెలుసు. బడిలో అన్నారు. అమ్మమ్మకు చెప్పలేదు."

"ఎందుకని?"

"చెబితే ఇంక ఎవరేం పెట్టినా తినదు." గోడకు ఆనుకుని, చాలా నెమ్మదిగా అంది. "మూత మీద ఏముందో నేను చదివాను టీచర్. మొదటి రోజే చదివాను. ఆకలేసింది."

ఆ పిల్లకు పదకొండేళ్ళు. నేను ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. ఇరవై నాలుగేళ్ళుగా పిల్లలకు ఏదో ఒకటి చెప్పడమే నా పని. మూతల్లో ఒకటి ఇమ్మని మాత్రం అడిగాను. ఇచ్చింది.

*

సూపర్‌వైజరు మూతను వెనకా ముందూ చూశాడు. నేను చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఆపలేదు.

"అయితే తన డబ్బానే ఇచ్చాడన్నమాట. సంతోషం టీచర్. నిజంగా. దొంగతనం మాట ఇక ఉండదు, కొట్టేయిస్తాను." పెన్ను తీశాడు. "కానీ చూడండి, అప్పుడు ఇంకో మాట వస్తుంది. సూది వేయించుకుని తినకపోవడం ఆయన చేసిన పొరపాటే కదా. పనివాళ్ళ భోజనం పనివాళ్ళే తినాలని నియమం ఉంది. మేం పెట్టాం. ఆయన తినలేదు. నర్సు కూడా రోజూ తిన్నావా అని అడిగిందట. బండిలో తింటాననేవాడట. ఇక మేం వ్యక్తిగత నిర్లక్ష్యం అని రాయక తప్పదు."

"విధిలో ఉండగా అని రాయరా?"

"రెండూ రాస్తాం. విధిలో ఉండగా, వ్యక్తిగత నిర్లక్ష్యం వల్ల."

వాక్యంలో తప్పు లేదు. నేనే రాసినా అలాగే రాసేదాన్ని.

పిల్ల బడి మానేది మీ కట్టు కోసమేనని చెప్పాను. గేటు బయట నిలబడే సంగతి చెప్పలేదు. పొద్దున కాకుండా సాయంత్రం కట్టు కట్టే వీలుందా అని అడిగాను. సాయంత్రం డాక్టరు ఉండడన్నాడు. ఇలాంటి కారణంతో మానిన రోజుల్ని హాజరు కింద తీసుకోవచ్చా అన్నాను.

"దానికి మా దగ్గర ఫారం లేదు టీచర్. న్యాయమే మీరనేది. ఫారం లేదు. ఇప్పుడు డెబ్బై ఐదుందని మీరు రాసివ్వండి, రేపే పేరు ఎక్కిస్తాం. అది మీ చేతిలో పనే."

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాను. నా సంచీలో బడి కాగితాలూ ముద్రా ఎప్పుడూ ఉంటాయి. అసలు సంఖ్య యాభై తొమ్మిది. నేను ఎనభై రెండు అని రాశాను. డెబ్బై ఆరు రాస్తే అనుమానం వస్తుందనిపించింది. అబద్ధాన్ని కూడా ఆలోచించి రాశానని తర్వాత గుర్తొచ్చింది. సంతకం పెట్టాను. ముద్ర వేశాను.

గుమాస్తా ఆ కాగితం తీసుకుని, చదవకుండానే మూలన వాళ్ళ ముద్ర గుద్ది ఫైల్లో పెట్టాడు.

"ఎంత శాతమో చూసుకోరా?" అన్నాను.

"కాగితం ఉందా లేదా అని చూస్తామండీ. ఎంతుందో మీరు చూసే ఉంటారుగా. టీచర్లు ఊరికే రాయరు."

"మొన్నటిది కూడా చదవలేదా?"

"మొన్నటిది..." అతను ఫైలు తిరగేశాడు. "మొన్నటి దాంట్లో కింద మీరే ఎర్ర సిరాతో గీత గీసి, 'నిబంధనకు తక్కువ' అని రాశారండీ. అది కంటపడింది. లేకపోతే అదీ ఫైల్లోకి పోయేదే." ఆ కాగితం బయటికి లాగి నా చేతికిచ్చాడు. "పాతది మీరే ఉంచుకోండి. రెండూ ఉంటే గందరగోళం."

వస్తుంటే వాకిట్లో భోజనాల బండి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. కొత్త డ్రైవరు ముందు చక్రం మీద కాలు పెట్టి, బానెట్ మీద డబ్బా విప్పుకుని తింటున్నాడు. చురుకైన మనిషి. నన్ను చూసి ఎడమ చేత్తో దణ్ణం పెట్టబోయి, మూత కింద పడేశాడు. దాన్ని తీసి అతనికిచ్చాను.

కేంద్రం నుంచి రెండో ఉత్తరం వచ్చాక, మా మరదలికి అందులో విధిలో ఉండగా అన్న మాట మాత్రం చదివి వినిపించాను. దాని తర్వాతి మాట ఆమె చదవలేదు. ఆ ఉత్తరాన్ని పెట్టెలో దాచుకుంది.

బుధవారం క్లాసులో ఆ పిల్ల పేరు పిలిచాను. రాలేదు. వచ్చినట్టు గుర్తు పెట్టి తర్వాతి పేరు పిలిచాను. రెండో బెంచీలో పక్కన కూర్చునే పిల్ల తలెత్తి నన్ను చూసింది.

పాత ధ్రువపత్రం నా బల్ల సొరుగులో ఉంది. అప్పుడప్పుడు తీసి చదువుతాను. దస్తూరి గుండ్రంగా, పొందిగ్గా ఉంది. తేదీ సరైనదే. కూడిక సరైనదే. కింద గీసిన గీత స్కేలు పెట్టి గీసింది, ఎక్కడా వంకర పోలేదు.